ఏడు వంకల తుపాకీ

జనార్ధన్ తన యాభై ఏళ్ళ బతుకులో, ఇంకా తనది కాని వస్తువును దాని యజమాని ముందు పొగిడిన పాపాన పోలేదు. పొగిడిన ప్రతి మాటా కొనేవాడి జేబులోంచే పోతుందని అతని లెక్క. సంతలో బర్రెల బేరాలతో మొదలై, పాత ట్రాక్టర్ల మీదుగా, చివరికి మేడ్చల్ చుట్టుపక్కల ప్లాట్ల దాకా వచ్చిన మనిషి. బర్రె ఎంత మంచిదైతే అన్ని వంకలు పెట్టాలి. కొమ్ము పొట్టి, పొదుగు జారింది, నడకలో ఏదో తేడా ఉంది. అమ్మేవాడు కూడా ఊరుకోడు. "నీ మొఖానికి గీ బర్రె ఎక్కువ, పో పో" అంటాడు. ఇద్దరూ గొంతులు ఆరేదాకా తిట్టుకుని ఎక్కడో మధ్యలో కలుస్తారు. తర్వాత ఒకే కట్టలోంచి బీడీలు తీసుకుంటారు. వంక పెట్టడమంటే ఆ సంతలో కొంటానని మాట ఇవ్వడమే. కొననివాడు నోరెత్తకుండా వెళ్ళిపోతాడు.

ఈ అలవాటు పెళ్ళిచూపుల్లో కూడా ఆగలేదు. సుశీలను చూసి నచ్చి, నచ్చినందుకు భయపడి, "పిల్ల ముక్కు జర వంకరున్నట్టున్నది" అన్నాడు. అవతల ఆమె తండ్రి కూడా సంత మనిషే. "మా పిల్ల ముక్కు వంకరైతే నీ కన్ను మెల్ల గద బిడ్డా" అన్నాడు. అరగంటలో సంబంధం ఖాయమైంది. ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా సుశీల అన్నం పెట్టేటప్పుడు "వంకర ముక్కుదాని చేతి కూర, తింటవా?" అని అడుగుతూనే ఉంటుంది.

అలాంటి జనార్ధన్‌కు రెండువేల రెండులో ఒక తుపాకీ కావలసి వచ్చింది.

దరఖాస్తులో రాసిన కారణం అడవిపందులు. శామీర్‌పేట వైపు మూడెకరాల మక్కచేను ఉందనీ, పందులు రాత్రికి రాత్రి కంకులు విరిచేస్తున్నాయనీ, పంట రక్షణకు చిన్న గుండ్లు చిమ్మే ఛర్రా తుపాకీ కావాలనీ రాశాడు. రాసినప్పుడు అది నిజమే. లైసెన్సు చేతికి వచ్చేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో రెండున్నర ఎకరాలు ప్లాట్లయిపోయాయి. హద్దురాళ్ళకు తెల్లసున్నం వేయించింది కూడా జనార్ధనే. ఇక పందులు రావాలన్నా, ఏ నంబరు ప్లాటులోకి రావాలో వాటికే తెలియని పరిస్థితి.

అసలు కారణం దసరా. ఆయుధపూజ నాడు దాయాదులందరూ పెద్దింట్లో కూడతారు. అమ్మవారి పటం ముందు ముగ్గురు పెదనాయిన కొడుకుల తుపాకులు వరసగా పెట్టి, గొట్టాలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. జనార్ధన్ తన బతుకుతెరువు ఆయుధంగా భూమి కొలిచే గొలుసు తెచ్చి చివర పెడతాడు. పన్నెండేళ్ళుగా పెడుతున్నాడు. "జనార్ధన్ గొలుసుకు బొట్టు పెట్టుర్రి, లేకుంటే అలుగుతడు ఆడు" అని ఎవరో ఒకరు అంటారు, అందరూ నవ్వుతారు. జనార్ధన్ కూడా నవ్వుతాడు. ఆ పన్నెండు నవ్వులూ అతని లెక్కలో బాకీగానే ఉన్నాయి.

చిక్కేమిటంటే లైసెన్సుకు గడువుంది. ఆ తేదీలోపల తుపాకీ కొని నమోదు చేయించకపోతే కాగితం చెల్లదు, మళ్ళీ మొదటినుంచి తిరగాలి. కొత్తది కొందామంటే వరస ఎప్పుడొస్తుందో షాపువాడికే తెలియదు. గడువు ఇంకో ఇరవై రోజులుందనగా, చలపతిరావు దగ్గర తుపాకీ ఉందనీ అమ్ముతాడనీ తెలిసింది.

చలపతిరావు గుండ్లపోచంపల్లి కాలనీలో ఉంటాడు. బందరు వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ల మధ్య ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ మిషన్లు నెలనెలా జీతమిచ్చి, బదులుగా కొంచెం కొంచెంగా చెవులు తీసుకున్నాయి. ఆయన ఇల్లున్న ప్లాటు ఇప్పించింది జనార్ధనే. తుపాకీ ఆయన మామగారిది. నూజివీడు దగ్గర మామిడితోటలున్న ఆ మామగారు పోయాక, అల్లుడి పేరుకు మారింది. చలపతిరావు ఏడాదికోసారి నూనె గుడ్డతో తుడవడం తప్ప దాన్ని ముట్టుకోలేదు. లైసెన్సు తిరగరాయించుకునే ఓపిక లేక అమ్మేద్దామనుకున్నాడు.

పైగా అది మామూలు జోడు గొట్టాలది కాదు. దాయాదుల తుపాకులన్నిటికీ గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. దీనికి ఒకదాని మీద ఒకటి. విదేశీ తయారీ. అలాంటివి దేశంలోకి రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. దసరా నాడు ఆ వరసలో దీన్ని పెడితే ముగ్గురి ముఖాలూ ఎలా మారతాయో ఊహించుకుని జనార్ధన్ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

అయితే జనార్ధన్‌కు బర్రె పళ్ళు చూడటం తెలుసు, ట్రాక్టరు పొగ చూడటం తెలుసు, తుపాకీ చూడటం తెలియదు. అందుకని మైసయ్య దగ్గరికి వెళ్ళాడు. మైసయ్య వయసులో ఉన్నప్పుడు పెద్దమనుషుల వేటల్లో తుపాకులు మోసినవాడు, తుడిచినవాడు. రెండు సీసాల కల్లు ఇప్పించి, ఈతచెట్ల కింద కూర్చుని పాఠం చెప్పించుకున్నాడు.

"పటేలా, ముందుగాల తుపాకి కీలు కాడ ఇరిచి తెరిచి గొట్టంల నుంచి మొగులు జూడు" అన్నాడు మైసయ్య. "లోపట అద్దం లెక్క మెరవాలె. మచ్చ గనవడితే తుప్పు. నీడ వంకర తిరిగితే సొట్ట."

"తర్వాత?"

"గొట్టాలు ఊడదీసి ఏలికి ఏలాడదియ్యి. కట్టెపుల్లతోటి కొట్టు. గుడి గంట లెక్క మోగాలె. దబ్ మన్నదనుకో, రెండు గొట్టాల నడిమి అతుకు ఇడిచిపెట్టినట్టు. బిగిచ్చిన మరల తలకాయలు జూడు, గీతలుంటే ఎవడో ఇప్పిండు."

"గింతేనా?"

"అసలుది ఆఖరున జెప్తున్న. ముందటి కట్టె తీసేసి, తుపాకి మూసి, దస్తా, గదే ఎనక కట్టె, వట్టుకొని మెల్లగ ఊపు. గొట్టం కదలొద్దు. కదిలిందంటే కీలు అరిగింది. కీలే తుపాకికి నడుము పటేలా. మంచిగ జేపియ్యాలంటే సికింద్రాబాదుల పదిహేను వేలు, మూడు నెలలు."

"కీలు మంచిగుంటే ఎంత వలుకుతది?"

"గసొంటిదా? లచ్చకు తక్కువైతే నా మీసం దీయిస్త."

మైసయ్యకు మీసం లేదు. అయినా లెక్క కుదిరింది.

మరుసటి పొద్దున జనార్ధన్ చలపతిరావు ఇంట్లో ఉన్నాడు. ఆయన భార్య కామేశ్వరి బహదూర్‌పల్లిలో కూతురు లిఖిత ఇంటికి వెళ్ళింది. చలపతిరావు పెట్టె తెరిచాడు. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద తుపాకీ నిద్రపోతున్నట్టుంది. దస్తా కర్రలో చారలు ఖర్జూరపు పానకంలా మెరుస్తున్నాయి. జనార్ధన్ గుండె ఒక్కసారి ఎగిరింది. గుండె ఎగిరితే అతని నోరు వెంటనే వంకరపోతుంది. పెళ్ళిచూపుల నుంచీ అంతే.

"గిదేనా సార్? నేనేందో అనుకున్న" అన్నాడు.

విరిచి, కిటికీలోంచి ఆకాశం చూశాడు. రెండు గొట్టాలూ రెండు వెండి గాజుల్లా తళతళలాడాయి. "పై గొట్టంల మచ్చలున్నయి సార్. మంచిగుంటే లక్ష రూపాయల సొమ్మే ఇది, నేను కాదన్న. గీ మచ్చలకు పదివేలు పోతయి. కిందిదాంట్ల సొట్ట గనవడుతున్నది, దానికో పది."

చలపతిరావు చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. "ఒక్క నిమిషం. పై బ్యారెల్, మచ్చలు. కింది బ్యారెల్, సొట్ట. ఊఁ, చెప్పండి."

జనార్ధన్ గొట్టాలు ఊడదీసి వేలికి వేలాడదీసి పెన్నుతో కొట్టాడు. ఖణేల్మని మోగింది. ఆ మోత గదిలో ఒక చుట్టు తిరిగి, వరండాలోకి వెళ్ళి, తిరిగొచ్చి అతని చెవిలో కూర్చుంది. జనార్ధన్ ఉలిక్కిపడి చలపతిరావు వైపు చూశాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయనకు వినపడలేదు.

ఇక్కడ ఇంకొకరైతే ఆగేవారేమో. జనార్ధన్ కూడా ఒక క్షణం ఆగాడు. కానీ ఆ క్షణం ఖరీదు ఇరవై వేలు.

"పగిలిన కుండ లెక్క మోగుతున్నది సార్" అన్నాడు గట్టిగా. "అతుకు ఊడింది. ఇరవై వేలు తీసేయాలె."

"నాకు వినికిడి తక్కువండీ, మీరు చెప్పారు కాబట్టి తెలిసింది" అని రాసుకున్నాడు చలపతిరావు.

దారి సాఫీగా ఉందని తెలిశాక జనార్ధన్ ఎద్దులు పరుగందుకున్నాయి. గీత కూడా పడని మరలను ఎవరో విప్పారన్నాడు, ఎనిమిది వేలు. ఖర్జూరపు రంగు కర్రకు పురుగు పట్టిందన్నాడు, ఐదు. ఈ సైజు తూటాలు హైదరాబాదు మొత్తం వెతికినా దొరకవన్నాడు, పది. ఇక చివరగా ముందటి కర్ర తీసి, మూసి, దస్తా పట్టుకుని ఊపాడు.

గొట్టం కదిలింది.

వెంట్రుకవాసే కదిలింది. కానీ బర్రె మెడ తాడు పట్టుకుని బతికిన చేయి అది, వెంట్రుకవాసి చాలు. ఆరు అబద్ధాల తర్వాత ఒక నిజం దొరికేసరికి జనార్ధన్‌కు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "ఇగో సార్, మీరే జూడుండ్రి. చెయ్యి పెట్టుండ్రి గీడ. ఊగుతున్నదా?"

చలపతిరావు వేలు పెట్టి చూశాడు. "అవునండోయ్. ఊగుతోంది."

"కీలు అరిగింది సార్. తుపాకికి నడుము గిదే. పదిహేను వేలు. పేలిస్తే ఎన్నడో ఒకనాడు మొఖం మీదికొస్తది." ఈ చివరి మాట మైసయ్య చెప్పింది కాదు. ఊపులో వచ్చింది. "లెక్క జూడుండ్రి. డెబ్బై ఎనిమిది వేలు పోను ఇరవై రెండు వేలు. అది గుడ మీ మొఖం జూసి."

చెప్పి, తిట్టు కోసం ఎదురుచూశాడు. సంతలో అయితే ఇప్పుడు యజమాని మండిపడాలి. 'నీ కండ్లు మండ, గీ గొట్టంల మచ్చ యాడున్నది చూపియ్యి' అనాలి. ఎనభై వేలు అడగాలి. తను ముప్ఫై అనాలి. చెమట కారేదాకా కొట్లాడి యాభై దగ్గర కలవాలి. జనార్ధన్ మనసులో యాభై వేలు లెక్కపెట్టి జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు.

చలపతిరావు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"జనార్ధన్ గారూ, మీరు నా ప్రాణం కాపాడారు. ఇంత ప్రమాదమైన వస్తువు ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్ళు పడుకున్నాను. దీన్ని ఇంకొకరికి అమ్మడమా? అది పాపం. అమ్మను."

"అట్ల కాదు సార్, ఇరవై ఐదు జేస్త..."

"మీ మంచితనం కొద్దీ అంటున్నారు. తెలిసి తెలిసి మీ మొహం మీద పేలే తుపాకీకి మీ దగ్గర డబ్బు తీసుకోనా? కాఫీ తాగి వెళ్ళండి."

జనార్ధన్ కాఫీ తాగాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఒక్క మాట కూడా ఎదురు చెప్పని అమ్మకందారుణ్ణి మొదటిసారి చూశాడు. ఆ బేరంలో అతనికి మిగిలింది ఆ కాఫీయే.

రెండు రోజులాగి ఫోన్ చేశాడు. ముప్ఫై ఐదు ఇస్తానన్నాడు. మీలాంటి మంచివారుండరని చెప్పి చలపతిరావు వద్దన్నాడు. నాలుగో రోజు స్వయంగా వెళ్ళి నలభై ఐదు అన్నాడు. చలపతిరావు వీధిలోనే ఎదురింటాయనను పిలిచి, "చూడండి, నేను నష్టపోతానని ఈయన పాడైపోయిన తుపాకీకి ధర పెంచుకుంటూ పోతున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి బ్రోకరుంటారా?" అన్నాడు. వారం తిరిగేసరికి కాలనీలో జనార్ధన్‌కు నిజాయితీపరుడని పేరొచ్చింది. ముగ్గురు తమ ఇళ్ళకు పిలిచి, గోడల్లో లోపాలేమైనా ఉంటే దాచకుండా చెప్పమని అడిగారు. ఆ ప్లాట్లు అమ్మింది తనే కాబట్టి జనార్ధన్ గోడలు చాలా మంచివని చెప్పి బయటపడ్డాడు.

గడువు ఇంకా ఏడు రోజులుందనగా చలపతిరావే ఫోన్ చేశాడు.

"జనార్ధన్ గారూ, తుపాకీ పోలీసు స్టేషన్లో అప్పగించేస్తున్నాను. ధ్వంసం చేయమని ఉత్తరం కూడా రాశాను. రేపు పదకొండింటికి. మీరు కనిపెట్టిన ఏడు లోపాలూ వివరంగా రాసి, నిపుణుల అభిప్రాయం అని జత చేశాను. కింద మీ సంతకం కావాలి."

జనార్ధన్ ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాడు. సుశీల జొన్నరొట్టె కాలుస్తూ అంతా విని, రొట్టె మాడుతున్నా పట్టించుకోకుండా నవ్వింది.

"అగ్గో, నీ నోటికి ఒక తుపాకి నేలగూలిందా? ఛర్రా గుడ పేల్చకుండనే!"

"నవ్వకే. పరేషాన్‌ల ఉన్న."

"గాయినె సంతల వుట్టిండా, నీ లెక్క? జీతపు మనిషి. నువ్వు కుంటిదంటే కుంటిదనే అనుకుంటడు. నేనైతే ఆనాడే మెల్లకన్నోడా అని ఉరికించేదాన్ని."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"పోయి నిజం జెప్పు."

"నిజం జెప్తే ధర పెరుగుతదే."

"జెప్పకపోతే తుపాకే లేకపాయె. ఏది ఫాయిదా జూస్కో. లేకుంటే గొలుసుకు ఇంకో పదేండ్లు బొట్టు పెట్టుకో." మాడిన రొట్టె అతని కంచంలో వేసింది.

మరునాడు తొమ్మిదింటికే జనార్ధన్ గుండ్లపోచంపల్లిలో ఉన్నాడు. బేరాల్లో అతను చాలా ప్రమాణాలు చేశాడు, కానీ నిజం చెప్పడానికి ఒక ఇంటికి వెళ్ళడం ఇదే మొదలు. మెట్లెక్కుతుంటే కాళ్ళు కొత్తగా అనిపించాయి. చలపతిరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకీ పెట్టె పక్కన పెట్టుకుని, కాగితాలు సర్దుకుంటున్నాడు. కామేశ్వరి లోపల పూజ చేసుకుంటోంది.

"సార్, నేను అబద్ధం జెప్పిన" అన్నాడు జనార్ధన్, ఆయన చెవి దగ్గర వంగి గట్టిగా. "మీ తుపాకి మంచిగున్నది. ధర తగ్గియ్యనీకి వంకలు పెట్టిన. మా కాడ బేరం గట్లనే జేస్తరు."

చలపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరు ఎంత గొప్పవారండీ! నా తుపాకీ దక్కడానికి మీ పేరు చెడగొట్టుకుంటున్నారు. అబద్ధాలకోరు ఎక్కడైనా నేను అబద్ధం చెప్పానని వచ్చి చెబుతాడా? అంటే మీరు అబద్ధాలకోరు కాదు. కాబట్టి ఆ రోజు చెప్పినవన్నీ నిజమే."

ఇంజినీరు లెక్క, ఎటు నుంచి చూసినా పగులు లేదు. ఇక మాటలతో కాదని జనార్ధన్ పెట్టె తెరిచి, గొట్టాలు ఊడదీసి, వేలికి వేలాడదీశాడు. పెన్నుతో కొట్టాడు. ఖణేల్. ఇంకోసారి. ఖణేల్.

చలపతిరావు మర్యాదగా చూస్తూ కూర్చున్నాడు.

లోపల మంత్రం ఆగిపోయింది. కామేశ్వరి హారతిపళ్ళెంతోనే హాల్లోకి వచ్చింది. "ఏమిటండీ ఆ గంట?" అంది. జనార్ధన్ చేతిలోని గొట్టాలు చూసి ఆగిపోయింది. "మళ్ళీ కొట్టండి బాబూ."

జనార్ధన్ కొట్టాడు. ఆమె ముఖం మెత్తబడింది.

"మా నాన్న తుడవడం అయ్యాక ఇలాగే మోగించేవారు. ఆ గంట వినపడితే మేం పిల్లలం తోటలో ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళం. దీన్నా పగిలిన కుండ అన్నారూ?" తర్వాత భర్త చెవి దగ్గర వంగి గట్టిగా అంది. "ఏమండీ! బంగారంలా మోగుతోంది! ఈయన ఆ రోజు మీకు వినపడదని కోతలు కోశారు!"

చలపతిరావు జనార్ధన్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే జనార్ధన్‌కు హాయిగా ఉండేది. కోపానికి అతని దగ్గర బదులుంది. ఆయన కళ్ళలో ఉన్నది, కూడికలో తప్పు దొరికిన మనిషి పడే కంగారు.

"అంటే... నిజంగానే అబద్ధమా?"

"నిజంగనే సార్. మాఫ్ జెయ్యిండ్రి."

కామేశ్వరి పళ్ళెం పక్కన పెట్టి, భర్త జేబులోంచి నోట్‌బుక్ తీసి ఆయన ముందు తెరిచింది. "ఉత్తినే అబద్ధం అంటే ఎలా? ఏడూ చదువుతాను. ఒక్కొక్కటీ మీ నోటితోనే కొట్టేయండి. ఆయన వినాలి, గట్టిగా చెప్పండి. పై గొట్టంలో మచ్చలు?"

"లేవు!" అని అరిచాడు జనార్ధన్.

"కింది గొట్టం సొట్ట?"

"లేదు!"

"మరలు ఎవరో విప్పారు?"

"ఎవడు ఇప్పలేదు!"

ఎదురింటాయన బాల్కనీలోకి వచ్చి తొంగి చూశాడు. పురుగు పట్టలేదనీ, తూటాలు దొరుకుతాయనీ జనార్ధన్ వీధంతా వినపడేలా ఒప్పుకున్నాడు. మోత సంగతి ఆమే కొట్టేసింది. ప్రతిదానికీ చలపతిరావు స్కేలు పెట్టి గీత గీస్తున్నాడు. ఒక్కో గీతకీ ధర పైకెక్కుతోంది. జనార్ధన్ మనసులో కూడుకుంటూనే ఉన్నాడు, అలవాటు. అరవై మూడు వేలు తిరిగొచ్చాయి. ఎనభై ఐదు. అది న్యాయమైన ధర. మైసయ్య లెక్కకూ, తన చేతి లెక్కకూ సరిగ్గా సరిపోయింది.

"ఇక ఏడోది" అంది కామేశ్వరి. "కీలు అరిగింది."

జనార్ధన్ నోరు తెరిచాడు. అది నిజమని చెప్పబోయాడు.

అంతలో చలపతిరావు చేయెత్తాడు. "ఆగు కామేశ్వరీ. ఇది వేరు. ఇది నేనే వేలు పెట్టి చూశాను. ఊగింది. మిగతా ఆరూ అబద్ధమే కావచ్చు, ఇదొక్కటి నిజమైనా చాలు, మనిషి మొహం మీద పేలుతుందని ఈయనే చెప్పారు. కీలు గనక అరిగితే స్టేషన్‌కే వెళ్ళాలి. టైము పదిన్నరైంది. చెప్పండి జనార్ధన్ గారూ. ఈసారి నిజమే చెప్పండి. మీ మాటే నాకు ప్రమాణం."

జనార్ధన్ ఆయన ముఖం చూశాడు. పెట్టెలో తుపాకీ చూశాడు. కీలు అరిగింది సార్, అయినా మొహం మీద పేలదు, పదిహేను వేలతో బాగవుతుంది, పేలుతుందన్నదే అబద్ధం అని చెప్పవచ్చు. కానీ ఎవరు నమ్ముతారు? ఒకసారి చెప్పిన అబద్ధం ఈయన బుర్రలో ఎంత గట్టిగా దిగుతుందో పన్నెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడు. నిజం చెబితే తుపాకీ ముక్కలవుతుంది. అబద్ధం చెబితే పదిహేను వేలు తన చేతుల్లోంచి పోతాయి. ఇన్నేళ్ళలో ఎన్నో అబద్ధాలు ఆడాడు. వాటిలో ఏ ఒక్కటీ తనకు నష్టం తెచ్చేందుకు ఆడింది కాదు.

"కీలు మంచిగున్నది సార్" అన్నాడు.

"మరి ఊగింది కదా?"

"నా చెయ్యి ఒణికిచ్చిన. మీరు వేలు పెట్టిన్నాడు నేను దస్తా ఊపుతనే ఉన్న. అమ్మేటోనికి అట్లనే జూపిస్తం. చేతి చలాకి సార్, నేర్చుకున్న ఇద్య."

"ఎంత అన్యాయం!" అంది కామేశ్వరి. కానీ ఆమె పెదవి చివర నవ్వుంది.

చలపతిరావు స్కేలు పెట్టి, చివరి గీత నిదానంగా గీశాడు. ఏడు గీతలు. కూడిక ఆయనే చేశాడు. "మంచిదైతే లక్ష అని మీరే అన్నారు. లోపాలన్నీ పోయాయి కాబట్టి లక్ష. ఒక్క రూపాయి ఎక్కువ అడగను. స్టేషన్‌కు వెళ్ళను. కాగితాలు మార్పించే ఖర్చు చెరిసగం."

జనార్ధన్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"బేరమాడరా?" అంది కామేశ్వరి, ఆశ్చర్యంగా. "మీరు బేరగాళ్ళు కదా?"

"దేని మీద ఆడాలమ్మా? వంకలన్నీ కొట్టేసిండ్రు."

చలపతిరావు నోట్‌బుక్ అతని ముందు పెట్టి, పెన్ను ఇచ్చాడు. "అప్పుడు మీరు చెప్పిన మాటలన్నీ ఇక్కడున్నాయి. ఇప్పుడు కొట్టేసినట్టు కింద మీ సంతకం ఉండాలి. రేపు తుపాకీలో ఏదైనా తేడా వస్తే నేను మోసం చేశానని మీరనుకోకూడదు." ఆయన గొంతులో ఎగతాళి లేదు. అది నిజమైన శ్రద్ధే. జనార్ధన్‌కు బాగా గుచ్చుకున్నది కూడా అదే.

సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇవ్వబోతే చలపతిరావు తీసుకోలేదు. ఏదో ఆలోచిస్తూ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కొట్టేయడం ఒకటే సరిపోదేమో. 'కీలు గట్టిగా ఉంది' అని కూడా మీ చేత్తో ఒక ముక్క రాయండి. ముఖ్యమైనదన్నారుగా."

"రాస్త సార్" అన్నాడు జనార్ధన్, రాస్తూ. "మస్తు గట్టిగున్నది."